తుపాకి లేని ఇంటి చేను

మా చేనూ దొరస్వామన్న చేనూ ఒకే గట్టుకు అటూ ఇటూ ఉంటాయి. ఒకే వానకు విత్తాం. ఒకే కూలీలు కలుపు తీశారు. ఆ పొద్దున చూస్తే ఆయన వైపు చెనక్కాయ చెట్లు మంచుకు తడిసి నిగనిగలాడుతున్నాయి. మా వైపు సాళ్ళకు సాళ్ళు తిరగబడి ఉన్నాయి, మడక కట్టి ఎవరో దున్నేసినట్టు. మట్టినిండా అడవి పందుల మూతులు చేసిన గుంటలు, నమిలి ఊసిన పొట్టు.

నా భర్త చెంగల్రాయుడు గట్టు మీద కూర్చొని, ఊడి వచ్చిన ఒక చెట్టును పట్టుకొని అటూ ఇటూ తిప్పి చూస్తున్నాడు. నాలుగేళ్ళ మా పాప తనూజ ఒక్కో గుంటలో కాలు పెట్టి కొలుస్తోంది.

"అమ్మా, పంది కాలు నా కాలు కంటే చిన్నది మా."

"గమ్మున ఇట్లా రా. ఆ గుంటల్లో ఏముంటాదో ఏమో."

నాకు అన్నిటికీ భయమే. నీళ్ళ తొట్టి, పొయ్యిలో నిప్పు, గోడ మీద బల్లి, బడి ముందర ఆగే ట్రాక్టరు. మా అత్త బతికున్నప్పుడు "ఈ పిల్లకు బిడ్డ పుట్టిందో భయం పుట్టిందో" అని నవ్వేది. తొమ్మిదో తరగతిలో బడి మాన్పించి పెళ్ళి చేశారు. చదువు ఆగిపోయింది కానీ ఆలోచన ఆగలేదు, అదంతా భయం వైపు మళ్ళింది.

దొరస్వామన్న భార్య పద్మక్క గట్టుకు అవతలే నిలబడింది. ఎప్పుడూ గట్టు దాటి వచ్చి భుజం తట్టి మాట్లాడే మనిషి, ఆ రోజు దాటలేదు.

"మీ తట్టే పడినాయా రాయుడూ?"

"మీ తట్టు యాడ పడతాయి వదినా? మీకు పెట్టె ఉండాది కదా," అన్నాడు మా ఆయన. మాట మామూలుగానే అన్నాడు కానీ, ఆమె తల దించుకుంది.

ఆ పెట్టె మా కొండల్లోకి వచ్చి ఏడాది కూడా కాలేదు. మా తట్టు తాతల నాటి నుంచీ చాలా ఇళ్ళలో నాటు తుపాకులున్నాయి. దూలం మీద ఒకటి, మంచం కింద ఒకటి, గడ్డివాములో ఒకటి. గొట్టంలో మందు పోసి, గుడ్డ కుక్కి, గుండ్లు వేసి దట్టించడానికి చాలాసేపు పడుతుంది. పంది అంతసేపు ఆగదు. అందుకని దట్టించే ఉంచుతారు. దట్టించిన తుపాకి కింద పిల్లలు నిద్రపోతారు. పోలీసులు తెచ్చిచ్చేయమని దండోరా వేయించారు. ఎవరూ ఇవ్వలేదు. ఇస్తే పందులనెవరు తోలుతారు?

కొండ అవతల పరిశోధన క్షేత్రంలో పనిచేసే వాసంతి మేడం ఇంకో రకంగా ఆలోచించింది. ఊళ్ళోకి వచ్చి, బడి ముందర నిలబడి, "మీకు తుపాకి ఎందుకు? పందుల కోసమే కదా. పందుల్ని నేను చూసుకుంటా, తుపాకిని మీరు పడుకోబెట్టండి," అంది. మనిషంత ఎత్తు ఇనుప పెట్టెను గోడకు బిగిస్తారు. చేను చుట్టూ మోకాలెత్తు స్తంభాలు పాతుతారు. తుపాకి పెట్టెలో పడుకొని మూత పడిందంటే స్తంభాల కింద భూమి సన్నగా వణుకుతుంది. మన కాళ్ళకు తెలియదు. పంది మూతికి తెలుస్తుంది. అక్కడేదో పెద్దది నేల కింద కదులుతోందనుకొని అది ఆ సాలు తొక్కదు. తుపాకి బయటికి తీస్తే స్తంభాలు మూగబోతాయి. మళ్ళీ పెడితే మళ్ళీ వణుకు. బలవంతం ఏమీ లేదు. మొగుడూ పెళ్ళామూ ఇద్దరూ ఆదివారాలు శిక్షణకు పోవాలి, అంతే. తుపాకి ఎవరిది, ఎట్లా వచ్చింది అని అడిగేది కూడా లేదు.

మూత పడే ముందు పెట్టె ఒక మాట అడుగుతుంది. "గొట్టంలో ఏముంది?" ఇంటాయన గొట్టంలోకి కమ్మి దింపి, అడుగుదాకా పోయిందో లేదో చూసి, నోటితో చెప్పాలి. మందు ఉందంటే పెట్టె గొట్టంలోకి నీళ్ళు పోసి మందును చంపేస్తుంది. లేదంటే ఊరికే మూసుకుంటుంది. "పెట్టెనే చూసుకోమనొచ్చు కదా మేడం?" అని ఎవరో అడిగితే ఆమె, "పెట్టె చూస్తే మనిషి చూడటం మానేస్తాడు. నోటితో చెప్పాలంటే ఒకసారి చూసుకొని చెప్తాడు," అందట.

దొరస్వామన్నే మొదట పెట్టించుకున్నాడు. మొదటి సాయంత్రం ఊరంతా ఆయన వసారాలోనే ఉంది. స్నానం చేసి, విభూతి పెట్టుకొని, తాత తుపాకిని నూనెతో తుడిచి లోపల పెట్టాడు. పెట్టె అడిగింది. అప్పుడే పద్మక్క దీపం వెలిగిస్తోంది. దీపం పెట్టే వేళ ఇంట్లో 'లేదు' అని ఎవరంటారు? మాకు బియ్యం అయిపోయినా నూనె అయిపోయినా 'నిండుకుంది' అనడమే అలవాటు. లేదంటే లేమి విని లోపలికి వస్తుందని. ఆయనా అదే అన్నాడు.

"నిండుకుంది."

పెట్టెలో బుడబుడమని చప్పుడు. కింద నుంచి నీళ్ళు కారి వసారా అంతా పారాయి.

"నీ ఇల్లు బంగారం గానూ! మా తాత తుపాకికి తలంటు పోస్తివి కదే!" అని దొరస్వామన్న పెట్టెను కాలితో తన్నబోతే, పద్మక్క "దీపం కాడ ఆ తిట్లేంది?" అని అడ్డం పడింది. ఊరు పడీ పడీ నవ్వింది.

మేడం మర్నాడే వచ్చి, విని, కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వింది. "మా అమ్మ కూడా అదే మాట అంటుంది. నాకు తట్టనే లేదు చూడండి," అంది. 'నిండుకుంది' అంటే ఏమీ లేదని అర్థం అని పెట్టెలన్నిటికీ నేర్పించింది. ఆ తర్వాత ఎవరి తుపాకీ తడవలేదు.

ఊళ్ళో పెట్టెలు పెరిగాయి. పందులు మాత్రం తగ్గలేదు. స్తంభాలున్న చేలను చుట్టుకొని, స్తంభాలు లేని చేలల్లోకి దిగాయి. మా ఇంట్లో ఏనాడూ తుపాకి లేదు. మా మామ కోళ్ళు కోసే మనిషి కూడా కాదు. తుపాకి లేదు కాబట్టి మాకు పెట్టె లేదు.

గట్టు మీద నుంచి లేస్తూ మా ఆయన అన్నాడు: "మునెప్ప మామ కాడ ఒకటి ఉండాదంట. తెస్తా."

"ఏంది తెచ్చేది?"

"తుపాకే."

"ఇంట్లో చిన్నబిడ్డ ఉండాదయ్యా."

"అందుకే కదే పెట్టె. పెట్టెలో పెట్టేదానికే తెస్తా. కాల్చేదానికి కాదు."

"తుపాకి భద్రంగా పెట్టుకోమని పెట్టె ఇస్తా ఉండారు. పెట్టె కోసరమని నువ్వు తుపాకి తెస్తావా? ఇదేం లెక్క?"

"లెక్క నాది కాదే. వాళ్ళది. నాది చేను," అన్నాడు. చేతిలోని చెట్టును గట్టు మీద మెల్లగా పెట్టాడు, పారేయడానికి మనసొప్పక.

మరుసటి రోజు పాపను చంకనేసుకొని బస్సెక్కి పరిశోధన క్షేత్రానికి పోయాను. పెట్టె తుపాకి లేకుండానే ఇమ్మని అడగాలని.

వాసంతి మేడం షెడ్డులో ఉంది. రబ్బరు బూట్లు, మోచేతుల దాకా మట్టి. ఇనుప కంచెలో ఒక తల్లి పందీ, దాని చుట్టూ చారల చారల పిల్లలూ తొట్టిలో తింటున్నాయి. పాప కంచె పట్టుకొని ఎగిరింది.

"చూస్తావా పాపా? ఇదిగో, చూడు," అని మేడం పక్కనున్న పెట్టెలో కొయ్య తుపాకి ఒకటి పెట్టి మూత వేసింది.

నాకు ఏ చప్పుడూ వినిపించలేదు. తల్లి పంది మాత్రం తొట్టిలోంచి మూతి తీసింది. పరుగెత్తలేదు. ముందు పిల్లల్ని ఒక్కొక్కదాన్నీ మూతితో తోసి తన వెనక్కి పంపింది. ఒకటి తొట్టి దగ్గరే ఉండిపోతే వెనక్కి వచ్చి, దాన్ని కూడా తోసుకొని పోయింది. దూరపు మూలలో పిల్లలకు అడ్డంగా నిలబడి, ఏమీ లేని నేల వైపు చూస్తూ వణికింది. ఆ వణుకు నాకు కొత్త కాదు. లేని పామును ఇంటి నిండా వెతికే నాకు అది తెలుసు.

"పాపం మేడం, మూత తియ్యండి," అన్నాను.

ఆమె తీసింది. అప్పుడు నా సంగతి చెప్పాను. ఆమె ఓపికగా వింది, పాపకు బిస్కెట్లు ఇచ్చింది.

"తుపాకి పెట్టినా పెట్టకపోయినా చేను బాగుంటే, ఇంక తుపాకి ఎవరు పెడతారు నాగరత్నా? మళ్ళీ దూలం మీదికే పోతుంది కదా. ఇది ప్రోత్సాహకం. ఒకటి చేస్తేనే ఒకటి వచ్చేది."

"అంత మాట నాకు రాదు మేడం. ఆశ అంటే తెలుసు. మీరు ఆశ పెట్టినారు, మా ఆయనకు పుట్టింది."

ఆమె నవ్వబోయి ఆగింది.

"పై వాళ్ళను అడుగుతాను. ఈ పంటకు అయితే కుదరదు. ఒక పని చెయ్యి. తుపాకి ఉన్నా లేకపోయినా ఆదివారం శిక్షణకు రండి, ఇద్దరూ. అది ఊరికే పోదు."

వెళ్ళాం. నేను పోయింది భయంతో, ఆయన పోయింది పెట్టె కోసం. ఏది ఏమైనా ఇద్దరమూ నేర్చుకున్నాం. ఏ తుపాకినైనా దట్టించిందే అనుకొని ముట్టుకోవాలి. మూతి ఎప్పుడూ మనిషి వైపు ఉండకూడదు. పెట్టే ముందు కమ్మి దింపి చూడాలి. వారానికొకసారి బయటికి తీసి, మూతి ఆకాశానికి ఎత్తి, ఉత్త బిళ్ళ ఒకటి పేల్చి, తుడిచి పెట్టాలి. పండక్కి పిల్లలు పేల్చే బిళ్ళలాంటిదే అది. మందు లేకపోతే టప్పుమంటుంది, అంతే. వారం వారం అట్లా శుభ్రం చేసిన ఇంటికి స్తంభాల వణుకు ఇంకొన్ని సాళ్ళు అవతలికి పాకుతుంది. దానికోసం ఎవరూ వారం తప్పేవారు కాదు.

పిల్లలకు ఆ టప్పే ఆట. ఆదివారం పొద్దున దొరస్వామన్న వసారా ముందర చేరి, చెవులు మూసుకొని, "టప్పు! టప్పు!" అని అరిచేవాళ్ళు. పేలగానే కిందపడి చచ్చినట్టు నటించి, లేచి నవ్వుకుంటూ పోయేవాళ్ళు. తనూజ అందరికంటే చివర లేచేది.

"మనింట్లో ఎప్పుడు టప్పు నాన్నా?" అని వాళ్ళ నాన్నను పీడించేది.

పందులు ఇంకోసారి పడ్డాయి. పంట చేతికి రావడానికి నెల కూడా లేదు. ఈసారి నేను గొడవ పడలేదు. పాపను ఎత్తుకొని గట్టు మీద నిలబడ్డాను. ఆయన నా ముఖం చూశాడు. నేను నేల చూశాను. ఆ మధ్యాహ్నమే రాష్ట్ర సరిహద్దు అవతలి ఊరికి, వాళ్ళ మేనమామ మునెప్ప దగ్గరికి బయలుదేరాడు.

గోనెసంచిలో చుట్టి తెచ్చాడు. చాలా పొడుగ్గా ఉంది. పాపను పక్కింట్లో వదిలి వచ్చి, గోడకు ఆనుకొని చూస్తూ నిలబడ్డాను. తుపాకి ఉందని ఆయన ముందే పేరు రాయించడంతో, పెట్టెనూ స్తంభాలనూ క్షేత్రం వాళ్ళు అప్పటికే బిగించి పోయారు.

"లోపల ఏమన్నా ఉండాదా?" అన్నాను.

"మామను అడగతానే చెప్పినాడు. నిండుకుందిరా అబ్బోడా, చూసుకో అని."

"కమ్మి దింపి చూడు."

"ఏందే నువ్వు? పెద్దాయన నోటితో చెప్పినాంక కమ్మేసి చూస్తే ఏమనుకుంటాడు? మామ ఈడ లేకపోయినా, మాట ఉండాది కదా."

నేను ఇంకోసారి అనుంటే చూసేవాడేమో. పొద్దు కుంకుతోంది, పందులు దిగే వేళవుతోంది, స్తంభాలు ఇంకా మూగగానే ఉన్నాయి. పెట్టె అడిగింది.

"గొట్టంలో ఏముంది?"

"నిండుకుంది," అన్నాడు మా ఆయన, మామ చెప్పిన మాటనే మామ గొంతుతో.

మూత పడింది. నీళ్ళ చప్పుడు రాలేదు. మర్నాడు చేను ఎట్లున్నది అట్లే ఉంది. ఆ తర్వాత కూడా. మా ఆయన గట్టు మీద అటూ ఇటూ తిరుగుతూ స్తంభాల తలలు నిమిరాడు. పద్మక్క గట్టు దాటి వచ్చి నా భుజం తట్టింది.

"ఇంక నీకు భయం లేదులే!"

"ఉండాదక్కా. బయట ఉన్నింది లోపలికి వచ్చింది," అన్నాను. ఆమె వెటకారం అనుకొని నవ్వింది.

ఆదివారం వచ్చింది. పిల్లలు దొరస్వామన్న ఇంటి నుంచి మా ఇంటికి పరుగెత్తుకొచ్చారు. తనూజ కొత్త గౌను వేయమని ఏడ్చి వేయించుకుంది. మా వసారాకు రేకుల కప్పు. చెంగల్రాయుడు పెట్టె తెరిచి, తుపాకి తీసి, రేకుల అంచు దాటి నిలబడ్డాడు.

"అందరూ ఎనక్కి! ఇంకా ఎనక్కి!" అని పిల్లల్ని వసారా లోపలికి జరిపాడు. మూతిని ఆకాశానికి ఎత్తాడు. శిక్షణలో నేర్పినట్టే అన్నీ చేశాడు, ఒక్కటి తప్ప. ఆ ఒక్కటీ ఒక మాటను నమ్మి వదిలేశాడు.

తనూజ రెండు చెవులూ మూసుకుంది. అది ముందుకు పరుగెత్తుతుందని నాకు భయమేసి, ఎడమ చెయ్యి లాగి పట్టుకున్నాను.

"టప్పు!" అని పిల్లలు ముందే అరిచారు.

టప్పుమనలేదు. ఆకాశం విరిగి రేకుల మీద పడినట్టు అయింది. రేకుల అంచు చిరిగి పైకి లేచింది. పొగ. చెంగల్రాయుడు చెంప పట్టుకొని కూలబడ్డాడు. పిల్లలంతా ఎప్పటిలాగే కిందపడ్డారు. ఒక్కొక్కరే లేచారు. తనూజ లేవలేదు.

నేను దాన్ని ఒళ్ళంతా తడిమాను. రక్తం ఎక్కడా లేదు. కళ్ళు తెరిచే ఉంది, రెప్ప వేయకుండా నన్ను చూస్తోంది. నేను అరుస్తున్నాను, అది నా నోటి వైపు చూస్తోంది. అప్పుడు కనబడింది, ఎడమ చెవిలోంచి సన్నగా ఒక ఎర్రటి చార. నేను పట్టుకున్న చేతి వైపు చెవి.

పెద్దాసుపత్రిలో డాక్టరు లైటు పెట్టి చూశాడు. కుడి చెవి బాగుంది. ఎడమ చెవిలో పొర చినిగింది. చిన్నబిడ్డ కాబట్టి అతుక్కోవచ్చు, వినికిడి ఎంత వస్తుందో ఇప్పుడే చెప్పలేను అన్నాడు. మా ఆయన చెంపకు కట్టు కట్టారు. వరండాలో బల్ల మీద కూర్చొని, మామకు ఫోను చేశాడు. ఫోను బిగ్గరగా పెట్టాడు, అతని చెవుల్లో కూడా ఇంకా హోరు ఉంది.

"నిండుకుందంటివి కదా మామా! నిండుకుందంటివి!"

అవతల నుంచి ముసలి గొంతు. "అవున్రా. నిండా దట్టించి ఉండాది, చూసుకో అని కదరా చెప్పినా. ఏమైంది?"

"నిండుకోవడమంటే... అయిపోవడం కదా మామా?"

"అయిపోతే అయిపాయ అంటాం గానీ, నిండుకుందని ఎందుకంటార్రా? చెరువు నిండుకుంటే నీళ్ళుంటాయా, ఉండవా? ఏమైందో చెప్పరా, బిడ్డ బాగుండాదా?"

మా ఆయన దాన్ని నా వైపు చాపాడు. ఫోను నేను తీసుకున్నాను. చెవి సంగతి చెప్పాను. అవతల మునెప్ప మామ ఏడుపు వినిపించింది. ఆయన తప్పేముంది? ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. చూసుకోమని కూడా చెప్పాడు.

సాయంత్రం వాసంతి మేడం వచ్చింది. బూట్లతోనే, పరుగెత్తి వచ్చినట్టుంది. పాప నిద్రపోతుంటే మంచం పక్కన నిలబడి, అడిగి అడిగి జరిగిందంతా చెప్పించుకుంది. మామ మాట దగ్గరికి వచ్చేసరికి రెండు చేతులతో ముఖం మూసుకుంది.

"పెట్టెకు ఆ అర్థం నేర్పింది నేనే. నవ్వుకుంటా నేర్పినా," అంది. మా తట్టు యాస ఆమె నోట వినడం అదే మొదటిసారి. "రేపే పెట్టెలన్నీ పీకించేస్తాను నాగరత్నా. ఒక్కటి కూడా ఉంచను."

నేను ఒప్పుకుంటాననే అనుకుందేమో. నాకూ ఒక క్షణం పీకేయమనే అనిపించింది. కానీ పద్మక్క ఇంట్లో దూలం కింద ఆమె మనవలు పడుకునే చాప గుర్తొచ్చింది.

"వద్దు మేడం. పీకితే అవన్నీ మళ్ళీ దూలాల మీదికి పోతాయి, దట్టించుకొని. మా ఆయన మూతి పైకెత్తింది మీరు నేర్పినందుకే. లేకుంటే ఈ పొద్దు..." పాప దుప్పటి సర్దాను. "కానీ ఊళ్ళో పెట్టెల్లో ఉండే తుపాకులన్నీ ఊళ్ళోవి కావు. మాది ఊళ్ళోది కాదు. మా ఎనకింటి వాళ్ళది కాదు. మిట్టింటి వాళ్ళది కాదు. పెట్టె కోసరం తెచ్చుకున్నాం."

ఆమె మంచం అంచున కూర్చుంది. "పెట్టెలు నిండుతుంటే, ఇళ్ళల్లో తుపాకులు తగ్గుతున్నాయనుకున్నాను," అంది మెల్లగా.

పాపను ఇంటికి తెచ్చిన రోజు మేడం జీపులో మాతోనే వచ్చింది. తుపాకి గొట్టంలో నీళ్ళు పోసి, తుడిచి, వసారాలో ఆనించి పెట్టి ఉంది. చెంగల్రాయుడు దాని పక్కన కూర్చున్నాడు.

"ఇంక దీంట్లో ఏమీ లేదు. మేడమే కమ్మి దింపి చూసింది, నేనూ చూసినా. పంట తీసేదాకా పెట్టెలో ఉండనీవే. రెండు వారాలు. అంతే కదా. ఆమీట నేనే పోయి ఇచ్చేస్తా."

అతను చెప్పింది నిజమే. దానిలో ఏమీ లేదు. చేను ఇంకా పచ్చగా ఉంది, కాయ ముదరలేదు. అది పెట్టెలోంచి పోయిన రోజే స్తంభాలు మూగబోతాయి. పందులు రెండో రోజుకే తెలుసుకుంటాయి. ఏడాది తిండి ఆ మట్టిలో ఉంది. అన్నీ తెలుసు. కానీ తనూజ గడప మీద నిలబడి, లోపలికి రాకుండా, ఆ తుపాకినే చూస్తోంది. దాని చిన్న చెయ్యి ఒకటి కుడి చెవి మీదికి పోయింది. మిగిలిన చెవిని మూసుకుంది.

"తీసుకపోండి మేడం," అన్నాను.

చెంగల్రాయుడు పాపను చూశాడు. తర్వాత తనే లేచి, తుపాకిని గోనెలో చుట్టి, జీపు వెనక పెట్టి వచ్చాడు.

"చేను?" అన్నాడు నాతో.

"రేపు పీకేద్దాం. పాలకాయైనా మనది."

మర్నాడు పొద్దున మేమిద్దరమూ పోయేసరికి చేలో మనుషులున్నారు. పద్మక్క కొంగు బిగించి మొదటి సాలు పట్టింది. దొరస్వామన్న, వెనకింటి వాళ్ళు, మిట్టింటి వాళ్ళు, పెట్టెలున్న వాళ్ళంతా ఉన్నారు.

"ఏందన్నా ఇది?" అన్నాడు మా ఆయన.

"ఏముండాదిరా. మా చేలో నుంచి తోలిన పందులే కదా నీ చేలో పడినాయి. మా పందులకు మేమే కూలి," అన్నాడు దొరస్వామన్న. "మాట్లాడకుండా వంగు. నడుం పొయ్యేది నాది, నీకెందుకు?"

వాసంతి మేడం కూడా వచ్చింది. చెట్టును మొదట్లో కాకుండా మధ్యలో పట్టి లాగుతోంది, కాయలు మట్టిలోనే ఉండిపోతున్నాయి. పద్మక్క చూసి చూసి, "ఓ మేడమ్మా, నువ్వు పీకతా ఉండావా, పందులకు దాస్తా ఉండావా?" అంది. అందరూ నవ్వారు, మేడం కూడా. తర్వాత పద్మక్క ఆమె చేతి మీద చెయ్యి వేసి, ఎక్కడ పట్టాలో చూపింది.

నా పక్క సాలులోకి వచ్చినప్పుడు మేడం నాతో చెప్పింది. వచ్చే పంటకు స్తంభాలు చేను చుట్టూ కాకుండా గట్ల మీద వేయాలని రాసి పంపిందట. రెండు చేలకు ఒకటి. ముందు తుపాకి లేని ఇళ్ళ గట్ల మీద. "ఒప్పుకుంటారో లేదో తెలియదు. నన్నే ఉంచుతారో లేదో కూడా," అంది. అరచేతులు బొబ్బలెక్కాయని ఆమె కొంగుకు తుడుచుకుంటుంటే, నా కొంగు చింపి చేతికి కట్టాను.

కాయ సగం బరువు కూడా తూగదు. గింజలు నీళ్ళ గింజలు. అయినా కుప్ప పెరిగింది. తనూజ కుప్ప మీద కూర్చొని లేత కాయలు ఒలుచుకొని తింటోంది. పెదాల చుట్టూ మట్టి.

"తనూ, ఇంక చాలు, కడుపు నొస్తాది," అన్నాను. అది తిరగలేదు. ఇంకోసారి పిలిచాను. అట్లాగే నములుతోంది. నేను ఎడమ వైపు ఉన్నాను.

చుట్టూ చేతులు ఆగిపోయాయి. పద్మక్క గట్టిగా అరిచి పిలవడానికి నోరు తెరిచింది. అంతలో చెంగల్రాయుడు లేచాడు. చెంపకు కట్టుతో, కుప్ప చుట్టూ తిరిగి, అటు పక్కకు పోయి కూర్చొని, మామూలు గొంతుతో పిలిచాడు.

"తనూ."

అది తిరిగింది. "ఏం నాన్నా?"

"ఏం లేదు. ఊరికే పిల్చినా."

మళ్ళీ వంగి చెట్లు పీకాం. మధ్యాహ్నానికి ఎండ ముదిరింది. అప్పుడు వాసంతి మేడం నడుం పట్టుకొని లేచి, నీళ్ళ బిందె పక్కనే ఉన్న పాప వైపు రెండడుగులు వేసి ఆగింది. అంత పెద్ద కుప్ప చుట్టూ తిరిగి, పాపకు కుడి వైపున మట్టిలో గొంతుక్కూర్చుంది.

"పాపా, నాకు కొంచెం నీళ్ళిస్తావా?"

తనూజ కాయలన్నీ గౌనులో పోసుకొని, చెంబు కోసం పరుగెత్తింది.